రక్తములోని సీసమును కొలుచుట



సీసము మెత్తనిది, 327 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును. అందుచే మానవుడు దానిని ప్రాచీనకాలమునుండి విరివిగా వాడుచున్నాడు. కాని శరీరమునకు దానివలన ప్రయోజన మేమియు లేదు, కీడే కలదు. పాత బ్యాటరీలను పగులగొట్టి కరగించు తావులలోని ధూళి, గోడలనుండి రాలు పాత రంగుల పెచ్చులు, పసుపుకొమ్ములకు మెరుపుకొరకు కొందరు పట్టించు సీసపు క్రోమేటు, వీనిద్వారా అది పిల్లల కడుపులో చేరి, రక్తములో కలిసి, ఎదుగుచున్న మెదడును చెరచును.

అట్టి బాలునకు పైకి ఏ రోగలక్షణమును కానరాకపోవచ్చును. పాఠము తల కెక్కదు, మనసు నిలువదు. చూచువారు సోమరి యందురు. కారణము కంటికి కనబడదు గనుక కొలిచియే తెలిసికొనవలెను.

ఇందుకై సిరనుండి రక్తము తీసి ప్రయోగశాలకు పంపుట వాడుక. అచ్చటి యంత్రములు మిక్కిలి వెలగలవి. వానిని నడుపుటకు నిపుణులు కావలెను. ఇపుడు బల్లమీద ఇముడు చిన్న పరికరములు తక్కువ వెలకు లభించుచున్నవి. లెడ్‌కేర్ అనునది ఇట్టిది. వ్రేలినుండి తీసిన రెండు చుక్కలు, అనగా 50 మైక్రోలీటర్ల రక్తము, దానికి చాలును. 3 నిమిషములలో ఫలితము తెలియును.

అది పనిచేయు విధము వినుడు. రక్తములోని సీసము చాలవరకు ఎర్రకణములలో నుండును. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలుపగా కణములు పగిలి సీసము వెలువడును. ఆ ద్రవమును చిన్న పట్టీపై వేసి, అందలి ఎలక్ట్రోడునకు ఋణవిద్యుత్పీడనము నిత్తురు. సీసము దానిపై పేరుకొనును. పిదప పీడనమును ధనదిశకు మార్చగా అది మరల ద్రవములో కరగును. అపుడు ప్రవహించు విద్యుత్తును కొలిచినచో సీస మెంత యున్నదో తేలును. 1922లో ప్రాగ్ నగరమున హైరోవ్‌స్కీ కనిపెట్టి, 1959లో నోబెల్ బహుమానము పొందిన పోలరోగ్రఫీ అను పద్ధతినుండియే ఇది పెంపొందినది.

డెసిలీటరు, అనగా 100 మిల్లీలీటర్ల రక్తములో ఎన్ని మైక్రోగ్రాముల సీసమున్నదో పరికరము చూపును. అది 5 గాని అంతకు మించి గాని యున్నచో, సీసము వచ్చు మార్గమును కనుగొని తొలగింపవలెనని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఇంతవరకు హాని లేదు అనదగిన హద్దు మాత్రము లేదు.

ఒక జాగ్రత్త కలదు. వ్రేలికి అంటిన ధూళిలో సీసమున్నచో లెక్క తప్పును. కావున ముందు చేతులు సబ్బుతో చక్కగా కడుగవలెను. లెక్క హెచ్చుగా వచ్చినచో సిరరక్తముతో ప్రయోగశాలలో రూఢి చేసికొనవలెను.

పరికరము రోగమును మాన్పదు, దారి చూపును. తోటివానిని మందమతి యని నిందించుటకన్న వాని రక్తమును కొలిపించుట మేలు.

అభ్యాసము: ఒక బాలుని రక్తములో డెసిలీటరునకు 8 మైక్రోగ్రాముల సీసమున్నది. 50 మైక్రోలీటర్లలో ఎంత యుండును?