సంఘం గది మరమ్మతు: సభ్యుల శ్రమ, సంఘం లెక్క



పాల సంఘం ఆస్తి అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది పాలు పోసే గది. రోజుకు రెండు పూటల చొప్పున ఏడాదికి 730 సార్లు ఆ గది తలుపు తెరవాలి. ఆవుకూ గేదెకూ పండుగలు తెలియవు గనుక మనకూ సెలవు లేదు. ఇంతగా వాడే గది కొన్నేళ్ళకు పాడవక తప్పదు. కప్పు కురుస్తుంది, గచ్చు గుంటలు పడుతుంది, గోడ పెచ్చులు ఊడుతుంది. మేస్త్రీని పిలిచి మొత్తం పని అప్పగిద్దామంటే సంఘం నిధి చాలదు. అప్పుడు ఎవరో ఒకరు "మనమే తలా ఒక చేయి వేద్దాం" అంటారు. అది మంచి మాటే. అయితే ఆ పనిని ఎలా చేస్తే సంఘం బలపడుతుంది, ఎలా చేస్తే చెడుతుంది అన్నదే ఈ నెల పాఠం.

గది పాడైతే పాలకేమి?

పితికిన పాలు గోరువెచ్చగా ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. గచ్చు గుంటలో ఒలికిన పాలు నిలిచి పులిస్తే ఈగలు మూగుతాయి, గదికి పులుపు వాసన పడుతుంది. పాలకు చుట్టూ ఉన్న వాసనను పీల్చుకునే గుణం ఉన్నది. అంతేకాదు, పులిసిన పాలలోని ఆమ్లం సిమెంటును తింటుంది. అందువల్ల నేటి చిన్న గుంట వచ్చే ఏడాదికి పెద్దదవుతుంది. 40 లీటర్ల క్యాను వెనక్కి వచ్చిందంటే నష్టం ఒక్కరిది కాదు. శుభ్రంగా పితికి తెచ్చిన వారి పాలు కూడా అందులోనే ఉంటాయి.

ముందు తీర్మానం, తరువాత పార

పని మొదలుపెట్టే ముందు సర్వసభ్య సమావేశంలో మూడు విషయాలు తేల్చుకోవలెను. ఏయే పనులు చేయాలి? సంఘం నిధి నుంచి ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు? పనిని, లెక్కను చూసేది ఎవరు? పని చూసేవారు, లెక్క రాసేవారు వేరువేరుగా ఉండడం మేలు. సంఘం 1964 సహకార చట్టం కింద ఉన్నా, 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద ఉన్నా, తన నియమావళిలో ఖర్చుకు ఉన్న హద్దును దాటరాదు.

పని జరిగే రోజుల్లో పాలు ఎక్కడ పోయాలో కూడా ముందే నిర్ణయించాలి. సిమెంటు దుమ్ములో క్యాను మూత తీయరాదు. పంచాయతీ అనుమతితో దగ్గరలో మరో కప్పు చూసుకోవాలి. కొత్త గచ్చును కనీసం 7 రోజులు తడి ఆరకుండా ఉంచాలి గనుక, ఆ రోజులన్నిటికీ ఏర్పాటు ఉండాలి.

ఏ పని ఎవరిది?

మట్టి తవ్వడం, ఇసుక జల్లించడం, తట్టలు మోయడం, పాత పెచ్చులు గీకడం, వెల్ల వేయడం సభ్యులు చేయదగిన పనులు. కాల్చిన సున్నంపై నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. అది కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు.

కరెంటు తీగల పని, కప్పు దూలాల పని తెలిసినవారికే ఇవ్వాలి. పాత రేకుల మీద కాలు పెడితే విరిగి పడిపోతారు. ఆస్బెస్టాస్ రేకును పగలగొట్టినా, కోసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు హాని. ఇక్కడ కూలి ఆదా చేయబోయి మనిషిని పోగొట్టుకోరాదు.

గచ్చు మేస్త్రీ చేతనే వేయించాలి. కడిగిన నీరు నిలవకుండా తూము వైపు 10 అడుగులకు 2 అంగుళాల వాలు ఉండాలి. గోడ, గచ్చు కలిసే మూలను గుండ్రంగా తీర్చితే చీపురు అందని మురికి ఉండదు. గోడకు 4, 5 అడుగుల ఎత్తు వరకు నున్నని సిమెంటు పూత వేసి, ఆపైన వెల్ల వేస్తే చాలు. బండలు పరచాలనుకునే వారు ఒకటి గమనించాలి. కడప బండ, తాండూరు బండ రెండూ సున్నపురాయి జాతివే. పులిసిన పాల ఆమ్లం వాటినీ తింటుంది. క్యాన్లు దించే చోట గ్రానైట్ బండ వేసుకోవడం మంచిది. ఏ బండ వేసినా ఒలికిన పాలను వెంటనే కడగాలి.

మేము చూసిన ఒక సంఘం

కొన్నేళ్ళ కిందట ఒక సంఘంలో సభ్యులు వరుసగా మూడు ఆదివారాలు పనిచేసి గదిని బాగుచేసుకున్నారు. బండి ఉన్నవారు ఇసుక తోలారు. తాపీపని తెలిసిన సభ్యుడు కూలి లేకుండా గచ్చు వేశాడు. స్త్రీలు వెల్ల వేశారు. వెన్న శాతం చూసే బల్ల అంతకుముందు లోపలి మూలన ఉండేది. "అంకె మాకూ కనబడాలి కదా" అని వారు దాన్ని కిటికీ పక్కకు జరిపించారు. మేము వెళ్ళి చూసి ఎంతో సంతోషించాము.

కొన్ని నెలల తరువాత ఆడిట్ జరిగింది. వోచర్లలో ఆ మూడు ఆదివారాలకూ కూలి చెల్లించినట్లు రాసి ఉన్నది. కార్యదర్శిని అడిగితే, సొమ్ము తాను తినలేదనీ, రశీదు లేకుండా కొన్న ఇసుక, కంకర ఖర్చును కూలి పద్దులో సర్దాననీ చెప్పాడు. ఆ మాట నిజమే కావచ్చు. కాని ఒక ముసలమ్మ మాతో అన్నది: "మా సంఘమని ఊరికే చేశాం బాబూ. కూలికి వచ్చినట్టు రాశారే!" ఆమెకు డబ్బు పోలేదు, మాట పోయింది. కొందరు పాలను బయటి వ్యాపారికి పోయడం మొదలుపెట్టారు.

చివరకు సర్వసభ్య సమావేశంలో ప్రతి పద్దునూ చదివి వినిపించారు. రశీదు లేని మొత్తాన్ని పాలకవర్గం వారు తమ చేతి నుంచి కట్టారు. వెళ్ళినవారిలో చాలామంది తిరిగి వచ్చారు, కాని అందరూ రాలేదు.

లెక్క రాసే పద్ధతి

1. చేతికి వచ్చిన, చేతినుంచి పోయిన డబ్బు మాత్రమే నగదు పుస్తకంలో రాయాలి. ఉచితంగా చేసిన పనికి కూలి వోచరు రాయరాదు.

2. శ్రమకు వేరే మస్టరు పెట్టాలి. పేరు, తేదీ, చేసిన పని, సంతకం లేక వేలిముద్ర అందులో ఉండాలి.

3. సభ్యులు ఇచ్చిన ఇసుక, కలప, బండి తోలకం ఒక పుస్తకంలో రాసి, ఇచ్చినవారికి రశీదు ఇవ్వాలి.

4. బిల్లు ఇవ్వని చిన్న అమ్మకందారు వద్ద కొనవలసి వస్తే, ఇద్దరు సభ్యుల సాక్షి సంతకాలతో ఆనాడే వోచరు రాయాలి.

5. పని ముగిసిన వారంలోగా మొత్తం లెక్కను గది గోడకు అంటించాలి.

శ్రమ ఇవ్వలేనివారు

ఎకరాలున్న రైతుకు ఒక ఆదివారం పోతే పోయేదేమీ లేదు. కూలికి వెళ్ళే సభ్యురాలికి ఒక రోజు పోతే పొయ్యి మీదికి గింజలుండవు. కావున పనిని పూట చొప్పున పెట్టాలి. రాలేనివారి నుంచి జరిమానా అనే మాటే ఎత్తరాదు. వారి పాల బిల్లులో కోత వేయరాదు. వృద్ధులు, బాలింతలు, ఒంటరి స్త్రీలు మంచినీళ్ళు అందించినా అది శ్రమే. మస్టరులో వారి పేరూ రాయాలి.

1844లో ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది కలిసి 28 పౌండ్ల మూలధనంతో సహకార దుకాణం పెట్టుకున్నారు. డిసెంబరు 21న అద్దె గదిలో తెరిచిన ఆ కొట్టులో వెన్న, పంచదార, పిండి, కొన్ని కొవ్వొత్తులు తప్ప పెద్ద సరుకేమీ లేదు. కొట్టు చిన్నదైనా కల్తీ లేని సరుకు, సరైన తూకం, దాపరికం లేని లెక్క తమ పద్ధతిగా పెట్టుకున్నారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియంగా ఉన్నది. మన గది గోడకు వేసిన వెల్ల ఏడాదికో రెండేళ్ళకో మాసిపోతుంది, మళ్ళీ వేసుకోవచ్చు. లెక్క మీద పడిన మచ్చను పోగొట్టడం అంత సులభం కాదు.

సమావేశంలో చర్చించండి

1. మన పాల గదిలో నీరు నిలిచే చోట్లు ఎన్ని? ఎవరు చూశారు?

2. వెన్న శాతం చూసేటప్పుడు అంకె పాలు పోసినవారికి కనబడుతున్నదా?

3. కిందటిసారి చేసిన మరమ్మతు లెక్కను సభ్యులకు చదివి వినిపించారా?

4. ఈ ఏడు పని పెట్టుకుంటే, ఏ సభ్యులకు ఏ పూట వీలవుతుంది? వారినే అడిగి రాసుకోండి.