సంగీతనగరి సాల్జ్‌బర్గ్

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: యాత్రారచన. చూసిన ప్రదేశాన్ని, దాని చరిత్రను, అక్కడ బతికిన మనుషుల సుఖదుఃఖాలను కలిపి చెప్పే ప్రక్రియ ఇది. ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్ నగర సందర్శనం ఈ పాఠంలోని ఇతివృత్తం. ఒక మహాకళాకారుడికీ, ఆయన పుట్టిన ఊరికీ మధ్యగల సంబంధాన్ని విద్యార్థులు గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వియన్నా నుండి పడమరగా రైలులో దాదాపు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణిస్తే సాల్జ్‌బర్గ్ వస్తుంది. ఆల్ప్స్ పర్వతాల ఉత్తరపు అంచున, సాల్జాక్ నదికి ఇరువైపులా విస్తరించిన నగరమిది. జర్మన్ భాషలో ‘సాల్జ్’ అంటే ఉప్పు. ‘బర్గ్’ అంటే కోట. సమీపంలోని కొండగనులలో తీసిన ఉప్పును పూర్వం ఈ నది మీదుగా పడవలలో తరలించేవారు. ఆహారాన్ని నిలవ చేయడానికి ఉప్పే ఆధారమైన ఆ రోజులలో దానిని ‘తెల్ల బంగారం’ అన్నారు. ఆ ధనమే ఇక్కడి కోటకు, చర్చిలకు, సౌధాలకు పునాది అయింది.

ఈ నగరాన్ని శతాబ్దాల తరబడి పాలించినవారు ఆర్చిబిషప్పులు. మతాధికారం, రాజ్యాధికారం రెండూ వారి చేతిలోనే ఉండేవి. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో స్థిరంగా కలిసింది 1816లో మాత్రమే. అంటే మొజార్ట్ పుట్టేనాటికి ఇది వేరే రాజ్యం.

ఊరిలో ఎక్కడ నిలబడి తలయెత్తినా కొండమీది కోట కనిపిస్తుంది. దాని నిర్మాణం 1077లో మొదలైంది. పైకి వెళ్ళడానికి 1892 నుండి కొండరైలు ఉన్నది. కోటలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఫిరంగులు కావు, ఒక వాద్యం. 1502లో అమర్చిన ఆ యాంత్రిక ఆర్గాన్‌లో రెండు వందలకు పైగా గొట్టాలు ఉన్నాయి. దాని ధ్వని ఎద్దురంకెను పోలి ఉంటుందని ఊరివారు దానికి ‘ఎద్దు’ అని పేరు పెట్టుకున్నారు. అది ఇప్పటికీ మోగుతుంది. పద్దెనిమిదవ శతాబ్దిలో దానికోసం సంగీతం కూర్చినవారిలో మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ ఒకరు.

కోట దిగి పాతనగరంలోకి నడిస్తే గెట్రైడెగాస్సె అనే ఇరుకు వీధి వస్తుంది. రెండువైపులా ఎత్తైన ఇళ్ళు. దుకాణాల ముందు వేలాడే ఇనుప నగిషీ గుర్తులు. ఈ వీధిలోని తొమ్మిదవ నంబరు ఇంటి మూడవ అంతస్తులో 1756 జనవరి 27న వుల్ఫ్‌గాంగ్ అమెడియస్ మొజార్ట్ జన్మించాడు. ఆ దంపతులకు కలిగిన ఏడుగురు సంతానంలో బతికినవారు ఇద్దరే: అతడు, అతనికన్నా నాలుగున్నరేళ్ళు పెద్దదైన అక్క నానెర్ల్. 1880 నుండి ఆ ఇల్లు ప్రదర్శనశాలగా ఉన్నది. అక్కడ అతడు బాల్యంలో వాయించిన చిన్న వయొలిన్‌ను చూడవచ్చు. ఆ వాద్యం పొడవు చూస్తేనే, దానిని పట్టుకున్న చేతులు ఎంత చిన్నవో తెలుస్తుంది.

అక్కాతమ్ముళ్ళను వెంటబెట్టుకొని లియోపోల్డ్ 1763 నుండి 1766 వరకు ఐరోపా అంతటా తిరిగాడు. పారిస్, లండన్ రాజాస్థానాలలో ఇద్దరూ వాయించారు. నానెర్ల్ వాదనాన్ని కూడా శ్రోతలు ఎంతగానో మెచ్చుకున్నారు. కాని యుక్తవయసు రాగానే ఆమె ప్రయాణాలు ఆగిపోయాయి. తమ్ముడి ప్రయాణాలు సాగాయి. ఆమె 1784లో వివాహమాడి, 1801లో భర్త మరణించాక ఈ ఊరికే తిరిగివచ్చి, పియానో పాఠాలు చెప్పుకుంటూ 1829లో కన్నుమూసింది. సెయింట్ పీటర్ మఠం శ్మశానవాటికలో ఆమె సమాధి ఉన్నది. తమ్ముడి ఇంటికి బారులు తీరే యాత్రికులలో కొద్దిమందైనా అక్కడ ఆగవలసి ఉన్నది.

బాల్యంలో రాజులు ముద్దుచేసిన మొజార్ట్‌కు సొంత ఊరిలో దొరికిన స్థానం ఏమిటి? 1772లో అతనికి ఆస్థాన వాద్యబృందంలో ఏడాదికి 150 ఫ్లోరిన్ల అత్యల్ప వేతనం నిర్ణయించారు. ఆర్చిబిషప్ కొలరెడో దృష్టిలో సంగీతకారుడు కొలువులోని సేవకులలో ఒకడు. అనుమతి లేనిదే అతడు ఊరు దాటరాదు. బయట కచేరీ చేయరాదు. 1781లో ఆర్చిబిషప్ వెంట వియన్నా వెళ్ళినప్పుడు అతనికి భోజనం పరిచారకుల, వంటవారి బల్ల దగ్గరే ఏర్పాటైంది. ఆత్మాభిమానం గల మొజార్ట్ కొలువు వదులుకుంటానన్నాడు. ఆస్థానాధికారి ఒకరు అతనిని కాలితో తన్ని పంపినట్లు మొజార్ట్ తండ్రికి రాసిన ఉత్తరంలో ఉన్నది.

కొలువు పోయింది, స్వేచ్ఛ దక్కింది. తరువాతి పదేళ్ళలో వియన్నాలో ఉండి అతడు తన మహోన్నతమైన రచనలు చేశాడు. 1783లో భార్య కాన్‌స్టాంజ్‌తో ఒక్కసారి సాల్జ్‌బర్గ్ వచ్చాడు. మళ్ళీ రాలేదు. 1791 డిసెంబరు 5న, ముప్పై అయిదేళ్ళ వయసులో మరణించాడు. వియన్నా శివార్లలో అతనిని పాతిపెట్టిన చోటు కచ్చితంగా ఎక్కడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అదే సాల్జ్‌బర్గ్‌లో ఎటు చూసినా అతని పేరే. వంతెనకు, కూడలికి, విమానాశ్రయానికి, చివరకు మిఠాయి ఉండలకు కూడా. నగరం నడిబొడ్డున 1842లో విగ్రహం ఆవిష్కరించారు. ఆ సభకు మొజార్ట్ కుమారులిద్దరూ వచ్చారు. కాన్‌స్టాంజ్ మాత్రం అంతకు కొన్ని నెలల ముందే మరణించింది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఓడి, ఆకలితో అలమటించిన ఆస్ట్రియా కళతో తేరుకోవాలని మాక్స్ రైన్‌హార్ట్ మొదలైనవారు సంకల్పించారు. 1920 ఆగస్టు 22న ప్రధాన చర్చి ముందు బహిరంగ వేదికపై నాటకం ఆడి సాల్జ్‌బర్గ్ ఉత్సవాన్ని ఆరంభించారు. ఈనాటికీ ప్రతి వేసవిలో ఆ ఉత్సవానికి దేశదేశాల రసికులు వస్తారు. అయితే 1938లో హిట్లర్ జర్మనీ ఆస్ట్రియాను కలుపుకున్నప్పుడు, యూదుడైన రైన్‌హార్ట్ భవనాన్ని జప్తు చేశారు. ఆయన 1943లో న్యూయార్క్‌లో ప్రవాసిగానే మరణించాడు. 1944 అక్టోబరు 16న పడిన బాంబులకు ఆ చర్చి గుమ్మటం కూలింది. 1773 తరువాత మొజార్ట్ కుటుంబం నివసించిన ఇంటిలో ఎక్కువ భాగం ధ్వంసమైంది. రెండింటినీ మళ్ళీ కట్టుకున్నారు. పాతనగరాన్ని 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

కూలిన రాళ్ళను తిరిగి పేర్చవచ్చు. కళాకారుడు జీవించి ఉండగా చూపని ఆదరాన్ని మాత్రం తరువాత ఎంత చూపినా అది అతనికి చేరదు. సాల్జ్‌బర్గ్ వీధులు ఎంత అందమైనవో, అవి చెప్పే ఈ సత్యం అంత కఠినమైనది.

పదాలు – అర్థాలు

సౌధం = మేడ
కొలువు = ఆస్థానం, ఉద్యోగం
నగిషీ = చెక్కడపు పని
ప్రవాసి = స్వదేశానికి దూరంగా ఉండేవాడు

వ్యాకరణం

మతాధికారం = మత + అధికారం – సవర్ణదీర్ఘ సంధి
మహోన్నతం = మహా + ఉన్నతం – గుణసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి
అక్కాతమ్ముళ్ళు = అక్కయును, తమ్ముడును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

1. మొజార్ట్ కొలువును వదలడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. నానెర్ల్ జీవితం నుండి ఆనాటి స్త్రీల స్థితిని గురించి ఏమి గ్రహించారు?
3. సాల్జ్‌బర్గ్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?
4. సాల్జ్‌బర్గ్ ఉత్సవం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?