చలికాలంలో పసిపిల్లల విరేచనాలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో వానాకాలపు విరేచనాలకు తరచుగా కలుషిత జలమే కారణం. నీటిని కాచి త్రాగితే వాటిని చాలవరకు నివారించవచ్చు. కాని మార్గశిర, పుష్య మాసాల చలిలో శిశువుకు వాంతులు, జ్వరం, నీళ్ల విరేచనాలు కలిగితే రోటా వైరస్‌ను అనుమానించాలి. 1973లో మెల్‌బోర్న్‌లో కనుగొన్న ఈ వైరస్ శీతల దేశాలలో చలికాలంలోనే విజృంభిస్తుంది. మన దేశంలో ఏడాది పొడవునా ఉన్నా, డిసెంబరు - ఫిబ్రవరి నెలల మధ్య హెచ్చుతుంది. చేతుల ద్వారా, ఆటవస్తువుల ద్వారా కూడా సోకుతుంది కనుక కాచిన నీరొక్కటే రక్షణ కాదు.

పళ్లు వస్తున్నాయని ఉపేక్షించరాదు. ఆమాతిసారంలో ఆదిలోనే స్తంభన ఔషధాలు వాడరాదని ఆయుర్వేదం హెచ్చరించింది. పసిపిల్లలకు విరేచనాలను కట్టే మాత్రలు నేటి వైద్యం కూడా నిషేధిస్తుంది. ప్రాణాపాయం శరీరంలోని నీరు, లవణాలు తరిగిపోవడం వలననే. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా త్రాగించాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు మాన్పించరాదు. అన్నం తినే బిడ్డకు పలుచని గంజి, మజ్జిగ హితకరం. వైద్యుని సలహాతో జింకు 14 రోజులు ఇవ్వాలి.

కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

2019లో దేశమంతటా విస్తరించిన ఉచిత రోటా టీకాను 6, 10, 14 వారాల వయసులో నోటి ద్వారా వేయిస్తే తీవ్ర వ్యాధి చాలవరకు తప్పుతుంది.