బుగ్గ నీరు, సీసా నీరు, క్యాను నీరు

మహానంది కోనేటిని దర్శించినవారికి ఆ నీటి తేటదనం జ్ఞాపకం ఉండే ఉంటుంది. అడుగున పడిన నాణెం కూడా స్పష్టంగా కనబడుతుంది. ఇలా భూమిలోనుంచి తనంతట తాను ఉబికివచ్చే నీటిని మన పెద్దలు ‘బుగ్గ’ అన్నారు. తాడిపత్రిలోని బుగ్గ రామలింగేశ్వరుని పేరులో ఆ మాట నేటికీ నిలిచి ఉన్నది.

బుగ్గ నీరు ఒకనాటి వాన నీరే. నేలలో ఇంకేటప్పుడు అది మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. రాతి పగుళ్లగుండా మెల్లగా సాగుతూ కాల్షియం, మెగ్నీషియం వంటి ఖనిజాలను కరిగించుకుంటుంది. నీరు చొరని రాతిపొర అడ్డుపడిన చోట పైకి ఉబుకుతుంది. కనుక నీటి రుచి అది నడచిన రాతిని, గడిపిన కాలాన్ని బట్టి ఏర్పడుతుంది. ఫ్రాన్సులోని ఎవియాన్ ఊట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆల్ప్స్ పర్వతాలనుంచి వచ్చే ఆ నీటిలో లీటరుకు సుమారు 80 మిల్లీగ్రాముల కాల్షియం, 26 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి.

ఇటువంటి నీటిని ఊట సమీపంలోనే, సహజ ఖనిజాలను మార్చకుండా, రసాయనాలతో క్రిమిశుద్ధి చేయకుండా సీసాలలో నింపినప్పుడే అది ‘నేచురల్ మినరల్ వాటర్’ అవుతుంది. మన దేశంలో దాని ప్రమాణం ఐఎస్ 13428. మనం వాడుకలో ‘మినరల్ వాటర్’ అని పిలిచే 20 లీటర్ల క్యాను నీరు సాధారణంగా అది కాదు. బోరు నీటినో, మరొక నీటినో ఆర్‌ఓ వంటి పద్ధతులలో శుద్ధి చేసి నింపిన ‘ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్’ అది. దాని ప్రమాణం ఐఎస్ 14543. నియమానుసారం శుద్ధి చేసిన నీరు సురక్షితమే. అయితే అది బుగ్గ నీరు కాదు.

రాయి ఇచ్చేదంతా మేలు కాదని కూడా గ్రహించాలి. కొన్ని రాళ్లనుంచి ఫ్లోరైడు నీటిలో కరుగుతుంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చిన పరిశోధన 1937లోనే వెలువడింది. నల్లగొండ పల్లెలలో ఈ వ్యాధి పళ్లను గారపట్టించి, ఎముకలను వంచి, ఎందరి బ్రతుకులనో కుంగదీసింది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. నీటిని మరిగించినా అది పోదు. త్రాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలి. వేరే నీటి వసతి లేనప్పుడు సైతం 1.5 దాటరాదు.

మన బెంగళూరు కూడా గట్టి రాతినేల మీదనే ఉన్నది. కనుక:

1. బోరు నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించనిదే త్రాగకండి.
2. క్యాను కొనేటప్పుడు చీటీపై నీటి రకం, నింపిన తేదీ, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉన్నవో లేవో చూడండి.
3. మూత సీలు ఊడిన క్యానును తీసుకోకండి.
4. క్యానును ఎండ తగలని చోట ఉంచండి.