మెడపట్టీ తీయకు బుజ్జీ

భద్రాచలం

చిరంజీవి బుజ్జికి,

  అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే గోదావరి ఒడ్డుదాకా నడిచి వస్తోంది.

నీ ఉత్తరం అందింది. "డిఫెన్స్ ఆడితే ఎవరూ చూడరు తాతయ్యా, వచ్చే ఏడాది ఫార్వర్డ్‌కి మారిపోతా" అని రాశావు. దానికి జవాబు తర్వాత చెబుతాను. ముందు వేరే సంగతి ఉంది. మొన్న ఫోన్‌లో మీ అమ్మ మాట జారింది. క్లబ్బు ఆటల్లో రూలు ఉంది కాబట్టి మెడకు పట్టీ కట్టుకుంటున్నావట. సాయంత్రాలు ఇంటి దగ్గరి రింకులో స్నేహితులతో ఆడేటప్పుడు మాత్రం తీసి సంచిలో పడేస్తున్నావట. దురద పెడుతుందట, ఊపిరాడదట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆడమ్ జాన్సన్ సంగతి నీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. అయినా చెబుతాను, విను. 2023 అక్టోబర్ 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఐస్ హాకీ ఆట మధ్యలో ఇంకొకరి స్కేటు గొంతుకు తగిలి ఆ పిల్లవాడు ప్రాణం వదిలాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. మిన్నెసోటాలోని హిబ్బింగ్ వాళ్ళ ఊరు, ఇనుప గనుల ఊరు. అతను ఆడిన లీగులో మెడపట్టీ తప్పనిసరి అన్న రూలు అతను పోయాకే వచ్చింది. మీ దగ్గరి పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్ ఇంకా నిదానం. 2026-27 నుంచి కొత్తగా చేరేవాళ్ళు మాత్రం కట్టుకోవాలంది. తలకు హెల్మెట్ కూడా అంతే, 1979లో కొత్తవాళ్ళకే పెట్టారు. పాతవాళ్ళలో క్రెయిగ్ మాక్‌టావిష్ అనే ఆయన 1997 దాకా ఒట్టి తలతోనే ఆడాడు. కళ్ళ ముందు అద్దం 2013లో వచ్చింది, అదీ కొత్తవాళ్ళకే. ఎవరికో దెబ్బ తగిలితే గానీ రూలు రాదు, వచ్చినా అందరికీ రాదు. నీ మెడకు రూలు వచ్చేదాకా ఎవరు ఆగుతారు నాన్నా?

నేను బొగ్గు గనిలో బదిలీ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు నింపే పనికి, దిగిన కొత్తలో మాకు ఒక టింబర్‌మన్ ఉండేవాడు. కిన్నెరసాని అవతలి కోయగూడెం మనిషి. మేం బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టుకుని లోపలికి వెళ్ళేముందు తనే ముందు నడిచేవాడు. చేతికర్రతో పైకప్పును తట్టి, చెవి పెట్టి వినేవాడు. గట్టిగా మోగితే సరే. డొల్లగా మోగితే అక్కడ చెక్క దిమ్మె నిలబెట్టేదాకా ఒక్కణ్ణీ రానిచ్చేవాడు కాదు. బొగ్గు ఎంత వచ్చిందన్న లెక్కలో అతని పేరు ఎక్కడా ఉండదు. టిఫిన్ డబ్బాలు విప్పేటప్పుడు ఉక్కకు ఎవరైనా గని టోపీ తీసి పక్కన పెడితే అతను అన్నం ముట్టేవాడు కాదు. తిట్టడు, అరవడు. ఆ మనిషి టోపీ పెట్టుకునేదాకా ఊరికే అలా చూస్తూ కూర్చునేవాడు. ఆకలితో ఉన్న పెద్దమనిషిని కూర్చోబెట్టి మనం తినలేం కదా, అందరం పెట్టుకునేవాళ్ళం. నువ్వు ఆడే చోటు ఆ టింబర్‌మన్ చోటు బుజ్జీ. ముందు నువ్వు వినాలి, తర్వాతే మిగతావాళ్ళు పని మొదలుపెట్టాలి.

ఈ ఒక్క మాట మీ అమ్మకి: అమ్మా, ఇది వాడికి చదివి వినిపించేది నువ్వే కదా. కష్టమైన మాట వచ్చిందని దాటేయకు, మొత్తం చదువు.

నీకు ఒక మనిషి గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. బోర్యే సాల్మింగ్. మీ దగ్గర టొరంటో జట్టులో పదహారు సీజన్లు డిఫెన్స్ ఆడాడు. 1951లో స్వీడన్ ఉత్తరాన కిరునా అనే ఊళ్ళో పుట్టాడు. అదీ ఇనుప గని ఊరే. వాళ్ళ నాన్నవైపు వాళ్ళు సామీలు, తరతరాలుగా ఆ ఉత్తరాదిని నమ్ముకుని బతికిన ఆదివాసులు. (ఆ ఊరే ఇప్పుడు గని కోసం పక్కకు జరుగుతోంది. 2025 ఆగస్టులో చర్చిని మొత్తంగా లేపి చక్రాల మీద ఐదు కిలోమీటర్లు తీసుకెళ్ళారు. ఊరు కదలడమంటే ఏమిటో మన పోలవరం ముంపు మండలాల వాళ్ళను అడిగితే చెబుతారు.) సాల్మింగ్‌కి ఐదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న గని ప్రమాదంలో పోయాడు. మన ఇంట్లో ఆ మాటకు వివరం అక్కర్లేదు. మీ ముత్తాత సంగతి అమ్మ చెప్పే ఉంటుంది, నేను మళ్ళీ ఎత్తను.

అతను 1973లో టొరంటో వచ్చాడు. యూరప్ నుంచి వచ్చినవాళ్ళంటే అప్పుడు అక్కడ చులకన. రెండో ఆటే ఫిలడెల్ఫియాతో పడింది. కొట్లాటలకు పేరు మోసిన జట్టు. కర్రలతో పొడిచారు, మీదపడి కొట్టారు. ఆ రోజుల్లో "పిరికి స్వీడన్ వాళ్ళు" అని వెక్కిరించేవారు. అతను వెనక్కి పోలేదు. పక్‌కి ఒళ్ళు అడ్డం పెట్టి ఆడుతూనే ఉన్నాడు. మూడేళ్ళు తిరిగేసరికి, 1976 కెనడా కప్‌లో స్వీడన్ చొక్కా వేసుకుని అదే టొరంటోలో మంచు మీదికి వస్తే, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పరాయి దేశం తరఫున ఆడుతున్న మనిషికి! ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో అమ్మమ్మకే తెలుసు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, నీ ఉత్తరం చివర ఒకడు నీ రంగు గురించి ఏదో అన్నాడని రాసి, పక్కనే "పర్వాలేదు" అని కూడా రాశావు. పర్వాలేకపోతే నువ్వు రాసేవాడివే కాదు. ఆ మాట కోచ్‌కి చెప్పు. చెప్పడం పిరికితనం కాదు. నువ్వు ఒక్కడివే మోయాల్సిన పని లేదు నాన్నా, మేమందరం ఉన్నాం.

మళ్ళీ మెడ దగ్గరికే వస్తున్నాను. 1986 గుర్తుందా అంటే నువ్వు పుట్టనే లేదు.   ఆ ఏడాది నవంబర్లో డెట్రాయిట్‌తో ఆటలో సాల్మింగ్ కింద పడ్డాడు. ఎదుటి ఆటగాడి స్కేటు పొరపాటున ముఖం మీద దిగింది. రెండు వందలకు పైగా కుట్లు పడ్డాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. అది ముఖం, కుట్లతో పోయింది. నాలుగు వేళ్ళు కిందికి తగిలితే కుట్టడానికి టైముండేదా? డిఫెన్స్ వాడు కిందపడి అడ్డుకునేవాడు. గోలు ముందు నలుగురు ఒకరి మీద ఒకరు పడ్డప్పుడు అందరికంటే అడుగున ఉండేది నువ్వు. స్నేహితుల ఆటలో ఉన్నది కూడా అదే స్కేటు, అదే పదును. పట్టీ దురద పెడితే పల్చని బట్టతో వస్తున్నవి ఉన్నాయట, అమ్మ చూసి కొంటుంది, ఆ డబ్బు నేను పంపుతాను. నా మాటగా పెట్టుకో.

ఇక ఎవరూ చూడరన్న మాట. నేను గని జట్టులో కబడ్డీ ఆడేవాణ్ణి, కుడి కార్నర్. ఒక సంక్రాంతికి పాల్వంచలో పోటీలు పెట్టారు. లారీ ఎక్కి పోయాం, దారి పొడవునా పాటలే, వెళ్ళేసరికి గొంతులు పోయి మా కూతగాళ్ళకి కూత రాక అవస్థ. ఎలాగో గెలిచాం. దండలు కూతకెళ్ళిన ఇద్దరికీ వేశారు. ఆ గుంపులో మీ అమ్మమ్మ వాళ్ళ నాన్న ఉన్నాడు. ఆయన కూతగాళ్ళ గురించి అడగలేదట. "ఆ మూల నిలబడ్డ పిల్లవాడెవరు, ఒక్కసారీ తొందరపడలేదు" అని అడిగాడట. ఆ తర్వాతి కథ నీకు తెలుసు. ఆట తెలిసినవాళ్ళు మూల నిలబడ్డవాణ్ణి చూస్తారు బుజ్జీ. కోచ్‌లు చూస్తారు, ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు చూస్తారు. సాల్మింగ్‌ని టొరంటోకి తెచ్చింది ఒక స్కౌటు కన్నే. 1,148 ఎన్‌హెచ్‌ఎల్ ఆటలు ఆడాడు, స్టాన్లీ కప్ ఒక్కసారీ దక్కలేదు, అయినా 1996లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళ వయసులో 1992 ఒలింపిక్స్ ఆడాడు. మొత్తం డిఫెన్సే.

చివరి రోజులు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 2022లో నరాల జబ్బు వచ్చి మాట పోయింది. నవంబర్లో టొరంటోలో మంచు మీదికి తీసుకొస్తే చెయ్యి ఎత్తడానికి కూడా పాత స్నేహితుడు డారిల్ సిట్లర్ సాయం పట్టాల్సి వచ్చింది. కొద్దిరోజులకే పోయాడు.

చదువు సంగతి రెండు ముక్కలు. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడితే అమెరికా కాలేజీ జట్టు తలుపు మూసుకుపోయేది. 2025 ఆగస్టు నుంచి ఆ అడ్డు తీసేశారు. కాబట్టి ఎవరైనా వచ్చి "ఆటో చదువో తేల్చుకో" అని తొందరపెడితే ఒప్పుకోకు. సంతకం పెట్టమంటే కాగితం ముందు మీ నాన్న చదవాలి. లెక్కల్లో మార్కులు తగ్గాయని విన్నాను, దాని మీద ఇంకో ఉత్తరం రాస్తాను.

గోల్స్ కొట్టాలని అంత ఉంటే డిఫెన్స్‌లో ఉండే కొట్టు. సాల్మింగ్‌తో జోడీగా ఆడిన ఇయాన్ టర్న్‌బుల్ 1977 ఫిబ్రవరి 2న ఒక్క ఆటలో ఐదు గోల్స్ కొట్టాడు. డిఫెన్స్ ఆటగాళ్ళలో ఇప్పటికీ అదే రికార్డు. ఒకడు ముందుకు పోతే ఒకడు వెనక ఉండి కాచాడు కాబట్టే ఆ జోడీ అంతకాలం నిలబడింది. నీ ఉత్తరం నాలుగు పేజీలు, నీ జోడీ కుర్రాడి గురించి ఒక్క వాక్యం లేదు. అతను ఎడమవైపా, కుడివైపా? నువ్వు ముందుకు పోతే వెనక ఆగుతాడా? బడిలో నీతోనే చదువుతాడా? పేరుతో సహా రాయి. అతనికి కూడా మా ఆశీస్సులు చెప్పు. అతను కూడా మెడపట్టీ కట్టుకుంటున్నాడో లేదో కనుక్కుని అది కూడా రాయి.

మీ
తాతయ్య