సరుకు దించే గేటు దగ్గర నేర్చుకున్నవి

హైదరాబాదులో సబ్బులు, బిస్కట్లు, టీ పొడి పంచే స్టాకిస్టుగా నా వయసంతా గడిచింది. గల్లీ చివరి కిరాణా కొట్టుకీ సరుకు వేశాను, ఏసీ సూపర్ మార్కెట్లకీ వేశాను. ఇప్పుడు లైను మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఏ పెద్ద దుకాణం షట్టరు దించినా "ఆన్‌లైన్ దెబ్బండీ" అని నలుగురూ తేల్చేస్తుంటే నాకు నోరు ఊరుకోదు. కొనేవాళ్లు ముందు గుమ్మంలోంచి వస్తారు కాబట్టి వాళ్లకి ఆఖరి రోజునే తెలుస్తుంది. వెనకాల సరుకు దించే గేటు దగ్గర నిలబడేవాడికి ఎన్నో నెలల ముందే తెలిసిపోతుంది. అక్కడ నిలబడి తెలుసుకున్నవి రాస్తున్నాను.

1. జనాన్ని చూసి మురిసిపోకండి, అరలు చూడండి

బాగా నడిచే దుకాణంలో ఆర్డరు వేళకి వస్తుంది. మన వ్యాను వెళ్తుంది, పెట్టెలు లెక్కపెట్టుకుని ముద్ర వేసిస్తారు, అనుకున్న గడువుకి డబ్బు పడుతుంది. చెడడం మొదలయ్యేది ఈ ఆఖరి మెట్టు దగ్గరే. "ఈ మంగళవారం కాదు, వచ్చే మంగళవారం" అంటారు. ఆ తరవాత "హెడ్డాఫీసులో సార్ లేరు" అంటారు. అకౌంట్స్ కుర్రాడు ఫోనెత్తడం మానేస్తాడు.

పెద్ద కంపెనీలు అందరికంటే ముందు మేలుకుంటాయి. డబ్బు కడితేనే సరుకు అంటాయి. దాంతో నాలుగు రకాల టూత్‌పేస్టు ఉండే చోట రెండే మిగులుతాయి. ఖాళీ కనపడకూడదు కదా, ఒకే రకం బిస్కట్ ప్యాకెట్లు మూడు అరల నిండా పరుస్తారు. మంచినీళ్ల సీసాలతో నింపిన అరలు కూడా చూశాను. నెల సరుకులకి వచ్చిన ఇల్లాలి చీటీలో కందిపప్పు, ఇంగువ దొరకవు. ఆ రెండింటి కోసం పక్క కొట్టుకి వెళ్తుంది, తరవాతి నెల చీటీ మొత్తం అక్కడికే పట్టుకెళ్తుంది. అప్పుడు ఇక్కడి మేనేజరు "గిరాకీ పడిపోయింది" అని పైకి రిపోర్టు రాస్తాడు. అబద్ధమేమీ రాయలేదు. సరుకు అంతకుముందే పడిపోయిందన్న ముక్క మాత్రం అందులో ఉండదు.

సుభిక్ష గుర్తుందా? 1997లో చెన్నైలో మొదలైంది. ఏసీ లేదు, హంగు లేదు, ధర తక్కువ. 2008కల్లా దేశమంతటా 1600 దాకా దుకాణాలయ్యాయి. 2009 మొదట్లో చేతిలో డబ్బు ఆడక జీతాలు, అద్దెలు, సరుకు బిల్లులు అన్నీ నిలిచిపోయాయి, దుకాణాలన్నీ మూతబడ్డాయి. దీన్ని ఆన్‌లైన్ ఖాతాలో ఎలా రాస్తారు? అప్పటికి ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలమ్ముకునే చిన్న సంస్థ. బిగ్‌బాస్కెట్ పుట్టిందే 2011లో.

2. దుకాణాల సంఖ్య చెప్పేవాణ్ణి పాత దుకాణం అమ్మకం అడగండి

"పోయినేడాది యాభై, ఈ ఏడాది నూట ఇరవై" అని కొనుగోలు మేనేజర్లు గొప్పగా చెప్తారు. డెబ్బై కొత్తవి తెరిస్తే మొత్తం అమ్మకం ఎలాగూ పెరుగుతుంది. రెండేళ్ల కింద తెరిచిన దుకాణంలో ఈ నెల అమ్మకం పోయినేడాది ఇదే నెలకంటే ఎక్కువా, తక్కువా? ఆ ఒక్క అంకె అడిగితే చాలామంది మాట మారుస్తారు. కొత్త దుకాణం తన ఖర్చు తాను తెచ్చుకోవడానికి ఏడాదో, రెండేళ్లో పడుతుంది. అందాకా పాతవే దాన్ని పోషించాలి. సుభిక్ష దుకాణాల్లో ఎక్కువ భాగం చివరి రెండు మూడేళ్లలో తెరిచినవే. పోషించేవి తక్కువ, తినేవి ఎక్కువ.

డీమార్ట్ 2002లో ముంబయి పొవయిలో మొదటి దుకాణం తెరిచింది. 2017లో షేర్ మార్కెట్టుకి వచ్చేనాటికి, అంటే పదిహేనేళ్లకి, వాటి సంఖ్య 130 దగ్గర. అంత నిదానమేమిటని నవ్వినవాళ్లు మా లైన్లోనే ఉన్నారు. దాని యజమాని దామాని గారు చాలాచోట్ల బిల్డింగు సొంతంగా కొన్నారు, సరుకు ఇచ్చినవాళ్లకి త్వరగా డబ్బిచ్చి ఆ మేరకు ధర తగ్గించుకున్నారు. ఇందులో తెలియని విద్య ఏదీ లేదు. ఓపిక కావాలి, అంతే.

3. బిల్డింగు కాగితం ఎవరి పేరున ఉంటే దుకాణం వాళ్లది

బియ్యం, పప్పు, నూనె అమ్మే వ్యాపారంలో మిగిలేది బహు పల్చన. నా లెక్కలో అద్దె అమ్మకంలో నూటికి నాలుగైదు రూపాయలు దాటిందంటే ఆ దుకాణం ఇంటి ఓనరు కోసం పనిచేస్తున్నట్టే. ఒప్పందాల్లో మూడేళ్లకోసారి అద్దె నూటికి పదిహేను పెంచాలని రాసుకోవడం మన దగ్గర మామూలు. అమ్మకం అలా పెరుగుతుందని ఎవరూ రాసివ్వరు. మాల్‌లో అయితే కరెంటు, శుభ్రత, సెక్యూరిటీ పేరుతో ఇంకో బిల్లు.

ఈ పాఠం నూటికి నూరుపాళ్లు నేర్పింది బిగ్ బజార్. 2001లో కలకత్తాలో మొదలై ఆ ఏడే హైదరాబాదుకీ వచ్చింది. జనవరి 26 సేల్ రోజుల్లో తోపుడు బండి దొరకడమే గొప్ప. దాన్ని పెట్టిన కిశోర్ బియానీకి మన జనం నాడి తెలుసు. సంత ఇరుకుగా, గోలగా ఉంటేనే చవగ్గా ఉన్నట్టు అనిపిస్తుందని ఆయన కనిపెట్టాడు. దానికోసం తెచ్చిన అప్పు మాత్రం పెరుగుతూ పోయింది. 2020లో కోవిడ్ వచ్చి తలుపులు మూయించింది. అద్దె మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆ ఆగస్టులో 24,713 కోట్లకి బిగ్ బజార్ నడిపే ఫ్యూచర్ గ్రూపు వ్యాపారాన్ని రిలయన్స్ కొంటుందని ప్రకటించారు. అంతకుముందే గ్రూపులోని ఒక కంపెనీలో డబ్బు పెట్టిన అమెజాన్, ఈ అమ్మకం తనతో చేసుకున్న ఒప్పందానికి విరుద్ధమని సింగపూరు మధ్యవర్తిత్వానికీ, మన కోర్టులకీ వెళ్లింది. వాళ్లు వాదించుకుంటుండగా అద్దెలు పేరుకున్నాయి. చాలా బిల్డింగుల లీజుల్ని రిలయన్స్ తన పేరున రాయించుకుని, ఫ్యూచర్‌కే తిరిగి అద్దెకిచ్చింది. ఆ అద్దె కూడా రాకపోయేసరికి 2022 ఫిబ్రవరిలో వందలాది దుకాణాలు స్వాధీనం చేసుకుంది. ఏప్రిల్‌లో అప్పిచ్చిన బ్యాంకులు అమ్మకాన్ని తిరస్కరించాయి, జులైలో కంపెనీ దివాలా విచారణకెక్కింది. జనం రావడం మానేసినందుకు మూతబడిన దుకాణం కాదది. అవే గదుల్లో ఇంకో బోర్డు కింద అదే జనం ఇవాళ కొంటున్నారు.

4. అప్పు చేసింది ఎవరు, తీర్చేది ఎవరు?

ఇది అమెరికాలో తెలిసింది. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు పిల్లలు టాయ్స్ ఆర్ అస్ అనే బొమ్మల దుకాణం మూసేశారని దిగులు పడ్డారు. ఆ కంపెనీ ఆఫీసు కూడా న్యూజెర్సీలోనే ఉండేది. 2005లో కేకేఆర్, బెయిన్, వొర్నాడో అనే పెట్టుబడి సంస్థలు కలిసి దాన్ని 660 కోట్ల డాలర్లకి కొన్నాయి. కొనడానికి తెచ్చిన అప్పులో ఎక్కువ భాగం ఆ కంపెనీ నెత్తినే పెట్టారు. ఏటా 40 కోట్ల డాలర్ల వరకు అప్పుకే పోయేది. ఆ డబ్బుంటే దుకాణాలు బాగు చేసుకునేవాళ్లు, అమెజాన్‌తో పోటీకి వెబ్‌సైటును మెరుగుపరచుకునేవాళ్లు. 2017 సెప్టెంబరులో దివాలా, మరుసటేడు అమెరికాలో దుకాణాలన్నీ బంద్.

5. ఆన్‌లైన్ దెబ్బ లేదని నేననలేదు

ఉంది. అయితే సరుకును బట్టి ఉంది. పాటలు ఫోన్లోకి వచ్చాక క్యాసెట్లు, సీడీలు అమ్మేవాడు చేయగలిగిందేమీ లేదు, మ్యూజిక్ వరల్డ్ 2013లో మూతబడింది. టీవీలు, సెల్‌ఫోన్లు షోరూములో చూసుకుని ఇంటికెళ్లి ధర పోల్చుకుంటున్నారు. తిండి సరుకుల దగ్గర చాలాకాలం ఈ భయం లేదు. పది నిమిషాల డెలివరీలు వచ్చాకే అక్కడా కదలిక మొదలైంది. పాలప్యాకెట్టు, కొత్తిమీర కట్ట కోసం దిగే మనిషి ఇంకో మూడు వస్తువులు బుట్టలో వేసుకునేవాడు. ఆ మూడింటి మీదే దుకాణానికి మిగిలేది.

2024లో ఒక్క ఏడాదిలో రెండు లక్షల కిరాణా కొట్లు మూతబడ్డాయని మా డిస్ట్రిబ్యూటర్ల జాతీయ సమాఖ్య చెప్పింది. మావాళ్ల లెక్క కాబట్టి కొంచెం తగ్గించి వినమంటాను, కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ఆ ఏడే స్పెన్సర్స్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దుకాణాలు ఎత్తేసింది. 2001లో ముషీరాబాద్‌లో జెయింట్ పేరుతో హైపర్ మార్కెట్ అంటే ఏమిటో మన ఊరికి చూపించింది వాళ్లే. నష్టాలొస్తున్న చోట్ల మూసి, బలమున్న తూర్పు, ఉత్తరప్రదేశ్ దుకాణాల్ని పట్టుకున్నారు. నా దృష్టిలో అది తెలివైన పనే. పరువు కోసం తెరిచి ఉంచిన దుకాణం మంచి దుకాణాల్ని కూడా తినేస్తుంది.

6. స్టాకిస్టు లైన్లో చివర నిలబడతాడు

ఇది మా పిల్లలకి. పేరు వద్దుగానీ, ఒక చైన్ దుకాణాల కంపెనీ చేతులెత్తేసినప్పుడు మాకు రావలసిన బిల్లుల్లో సగం కూడా రాలేదు. 2016 నాటి దివాలా చట్టం ప్రకారం ఆస్తులు అమ్మాల్సొస్తే ముందు ఆ ప్రక్రియ ఖర్చులు, తరవాత కార్మికుల బకాయిలు, హామీ ఉన్న బ్యాంకులు. సరుకిచ్చినవాడు చాలా కింద. చిన్న తయారీదారుకైతే 45 రోజుల్లో డబ్బివ్వాలన్న చట్టం అండ ఉంది. మాలాంటి టోకు వ్యాపారులకి 2021లో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చారు గానీ, అది ప్రాధాన్య రంగ రుణాల వరకే, బకాయిల రక్షణ మాకు వర్తించదు. కాబట్టి ఒక్క కొనుగోలుదారు దగ్గర మీ పెట్టుబడిలో పదో వంతుకి మించి ఇరుక్కోనివ్వకండి. రెండోసారి తేదీ జరిపినప్పుడే వ్యాను ఆపండి.

7. కొనేవాళ్లకి ఒక మాట

అలా చెడుతున్న దుకాణం గిఫ్ట్ కార్డో, పాయింట్లో మీ దగ్గరుంటే, అరల్లో ఒకే బిస్కట్ ప్యాకెట్లు వరసగా కనిపించిన రోజే వాడేసుకోండి. షట్టరు దిగాక మీరు కూడా మా లైన్లోనే, మాతోపాటే నిలబడాలి.