టెల్కో కాలనీలో క్లౌన్ ఫిష్: చేప కంటే ముందు నీరు

జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీకి ఆ పేరు టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ నుంచి వచ్చింది. 1945లో మొదలైన ఆ సంస్థే నేటి టాటా మోటార్స్. ఈ ఉక్కు నగరంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వారి సొంతూళ్లకు సముద్రం దగ్గర. ఇక్కడున్నవి సువర్ణరేఖ, ఖర్కాయి నదులు. ఇలాంటి చోట ఇంట్లో పగడపు దిబ్బల చేపను పెంచవచ్చా? పెంచవచ్చు. కానీ గోల్డ్ ఫిష్‌ను పెంచిన అనుభవం సరిపోదు. ఒక్కోసారి ఆ ధీమాయే కొంప ముంచుతుంది.

నారింజ రంగు ఒంటిపై మూడు తెల్ల పట్టీలుండే క్లౌన్ ఫిష్‌నే తీసుకుందాం. శాస్త్రీయ నామం ఆంఫిప్రియాన్ ఒసెల్లారిస్. 2003 నాటి ‘ఫైండింగ్ నీమో’ చిత్రం పుణ్యమా అని చాలామందికి ఇది ‘నీమో’గానే తెలుసు.

కొత్త తొట్టిలో వేసిన చేప కొద్ది రోజుల్లోనే చనిపోతే, ఎక్కువగా కారణం అమ్మోనియా. చేప మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి ఇది నీటిలో చేరుతుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయని అమ్మోనియం అయాన్, రెండోది విషపూరితమైన అమ్మోనియా వాయువు. పీహెచ్ పెరిగేకొద్దీ రెండో రూపం వాటా పెరుగుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో కంటే 8.2 ఉన్న సముద్రపు నీటిలో ఈ విషపు వాటా దాదాపు పది రెట్లు ఎక్కువ. గోల్డ్ ఫిష్ తట్టుకున్న పొరపాటును క్లౌన్ ఫిష్ తట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం.

దీనికి విరుగుడు బ్యాక్టీరియా. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి రాళ్లపై, ఫిల్టర్‌లో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేప లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ, పరీక్ష కిట్‌తో చూస్తుండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపను కొనాలి. ఖాళీ తొట్టిని చూస్తూ నెల రోజులు ఆగడం పిల్లలున్న ఇంట్లో కష్టమే!

ఇక ఉప్పు. వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో ఉండేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ కూడా ఉంటాయి. అక్వేరియం దుకాణాల్లో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని ఆర్‌ఓ నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. వంద లీటర్ల తొట్టికి దాదాపు మూడున్నర కిలోలు.

జంషెడ్‌పూర్ ఎండాకాలంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. క్లౌన్ ఫిష్‌కు 25 నుంచి 27 డిగ్రీలుండాలి. చిల్లర్ ఖరీదైనది. నీటి ఉపరితలంపైకి చిన్న ఫ్యాన్ తిప్పితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. అయితే ఫ్యాన్ గాలికి నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం తొట్టిలోనే మిగులుతుంది. వంద లీటర్లలో ఐదు లీటర్లు ఆవిరైతే 35 గ్రాముల లవణీయత దాదాపు 37కు చేరుతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీటినే పోయాలి. ఉప్పునీరు పోయడం చాలామంది చేసే తప్పు. చలికాలానికి హీటర్, కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ దగ్గరుండాలి.

చేప ఎక్కడిదో దుకాణదారుణ్ణి తప్పక అడగండి. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల దిబ్బల చేపలను సైనైడ్ చల్లి పట్టిన దాఖలాలున్నాయి. ఆ విషం పగడాలనూ చంపుతుంది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపం కేంద్రంలో క్లౌన్ ఫిష్‌లను హేచరీలో పుట్టించి పెంచింది. హేచరీ చేపలకు తొట్టి జీవితం, పొడి మేత ముందే అలవాటు. సీ ఎనిమోన్ లేకపోయినా ఇవి హాయిగా బతుకుతాయి. అలంకరణకు పగడాలు మాత్రం వద్దు. మన తీరాల్లోని గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

ఒకేసారి రెండు చిన్న పిల్లలను కొనడం మేలు. క్లౌన్ ఫిష్‌లన్నీ మొదట ఆడవీ కావు, పూర్తి మగవీ కావు. జంటలో పెత్తనం చెలాయించే పెద్దది ఆడదిగా, రెండోది మగదిగా మారుతుంది. ఆడ చేప చనిపోతే మిగిలిన మగదే ఆడదవుతుంది. అందుకే జత కోసం తర్వాత తెచ్చే చేప దానికంటే చిన్నదై ఉండాలి. సమాన సైజుదైతే పోట్లాట తప్పదు.